బొమ్మకో మాట

8 జూన్ 2009, సోమవారం

ఈ డైరీని భవిష్యత్తులో తవ్వి తీయబోయే పండితులకు, పురావస్తు శాఖ వారికి, అంతకంటే ముందే దీన్ని పాత పేపర్లతో కలిపి తూకానికి కొనుక్కుపోయే మునివెంకటప్పకు సాష్టాంగ నమస్కారాలు, వేయి క్షమాపణలు. నా చేతిరాతకు క్షమాపణ. జనవరి నుంచి మే దాకా ఖాళీగా ఉన్న పేజీలకు క్షమాపణ. ఆ అయిదు నెలల్లో నాకేమీ జరగలేదు, కాబట్టి పుస్తకం మొత్తంలో నిజాయితీ గల పేజీలు అవే. ఈ డైరీ ఎవరో సిమెంటు డీలరు మా బాసుకిస్తే, ఆయన వద్దని నాకిచ్చినందుకు క్షమాపణ. ఎం.సి.ఏ. చదివి, చెన్నై కంపెనీ ఆఫర్ లెటరు చేతికొచ్చి ఏడాదైనా చేరే తేదీ రాక, తిరుపతిలో లాడ్జీలకు వెబ్‌సైట్లు కడుతూ కూర్చున్నందుకు భారతదేశానికి క్షమాపణ. ఇకమీదట రాయబోయే దానిలో ఎవరి మనసైనా నొచ్చుకుంటే అందుకు పూర్తి బాధ్యత మా యోగానంద సార్‌ది.

ఇక విషయం. మా సంస్థ లీలామహల్ సెంటర్ దగ్గర ఒక టైలర్ షాపు మిద్దె మీద ఉంది. ఆస్తులు: మూడు కంప్యూటర్లు, ఒక ఇన్వర్టరు, సుకుమార్ అనబడే నేను. ఇవాళ ఒక విద్యా ట్రస్టు పని దొరికింది. పేరు రాయను, వాళ్ళకు లాయర్లున్నారు. హాస్టల్ బడులు నడుపుతారు. మామూలు టీచరు పోస్టులతో పాటు చూపులేని వాళ్ళ కోటాలో నాలుగు పోస్టులు వేస్తున్నారు. దరఖాస్తు వెబ్‌సైటులోనే, కాగితం తీసుకోరు. అందుకని చూపులేని మనిషి ఎవరి సాయమూ లేకుండా నింపుకోగలిగిన వెబ్‌సైటు కావాలట.

"ఏమప్పా సుకుమారూ, చూపులేనోళ్ళు కంప్యూటర్ ఎట్ల వాడతారో నీకు తెలుసునా?" అన్నాడు సార్.

"తెలీదు సార్."

"నాకూ తెలీదు. తెలుసని చెప్పి ఒప్పుకొని వచ్చినా."

11 జూన్, గురువారం

నాకొక గురువు దొరికాడు. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే పరీక్ష సాధనం. వెబ్‌సైటు చిరునామా ఇస్తే చాలు, చూపులేని వాళ్ళకు ఎక్కడెక్కడ అడ్డమో వెతికి పేజీ మీద ఎర్ర గుర్తులు పెడుతుంది. అంతా సవ్యంగా ఉంటే పచ్చ టిక్కు. ట్రస్టు పాత సైటును దానికి నైవేద్యం పెట్టాను. రెండు వందల పద్నాలుగు ఎర్ర గుర్తులు. పేజీకి అమ్మవారు పోసినట్టుంది.

ఎక్కువ తప్పులు బొమ్మలవి. ప్రతి బొమ్మ వెనకా కంటికి కనిపించకుండా ఒక మాట రాయాలట. చూపున్న వాళ్ళు బొమ్మ చూస్తారు. లేని వాళ్ళకు వాళ్ళ కంప్యూటరు ఆ మాటను చదివి వినిపిస్తుంది. మా గురువుకు బొమ్మ వెనక మాట ఉందా లేదా అన్నదే లెక్క. ఏం మాట, నిజమా కాదా అని అడగడు. ప్రతి బొమ్మ వెనకా 'బొమ్మ' అని రాశాను. ఒక్క మధ్యాహ్నంలో నూట ఇరవై ఎర్ర గుర్తులు మాయం.

సేవ ఇంత సులభమని తెలిస్తే ముందే మొదలుపెట్టేవాడిని.

15 జూన్, సోమవారం

సైటును చూపులేని మనిషి ఒకరు పరీక్షించాలని ట్రస్టు నియమం. ఆ మనిషి ఇవాళ చిత్తూరు నుంచి వచ్చింది. పేరు కృపారాణి. ముప్పై మూడేళ్ళు. ఎమ్మే తెలుగు, బీఎడ్. చిత్తూరు బస్టాండు దగ్గర ఎస్టీడీ బూత్ నడుపుతుంది. వెంట వాళ్ళ నాయన వెంకటముని, బెల్లం మండీలో పని.

మెట్లెక్కి వచ్చి ఆమె అన్న మొదటి మాట: "పంతొమ్మిది మెట్లు. ఎనిమిదోది అంచు విరిగుండాది. చూపుండేవాళ్ళకు చెప్పండి, పడతారు."

ఏడాదిగా ఎక్కి దిగుతున్నాను. కిందికి పోయి చూసొచ్చాను. విరిగే ఉంది.

తన పెన్‌డ్రైవ్ పెట్టి, తెర మీద ఉన్నది చదివే సాఫ్ట్‌వేర్ తెరిచింది. ఇయర్‌ఫోన్ ఒకటి తన చెవికి, ఒకటి నా చెవికి. ఆ సాఫ్ట్‌వేర్ గొంతు ముక్కుతో గబగబా మాట్లాడుతుంది. ఆమె దానికి సిద్ధమ్మ అని పేరు పెట్టుకుంది. వాళ్ళ వీధిలో పళ్ళు లేని అవ్వ పేరట. సిద్ధమ్మ మా వెబ్‌సైటు చదవడం మొదలుపెట్టింది. డాలర్, పర్సెంట్, కామా, చిన్న ఎఫ్, పెద్ద ఎఫ్, డాలర్, డాలర్.

"ఇది ఏం భాష అబ్బాయ్?"

"తెలుగక్కా. తెర మీద చక్కగా ఉంది. 'ఉపాధ్యాయుల నియామకం' అని."

"మా సిద్ధమ్మను యాడ కొట్టినావప్పా, ఇట్ల పలవరిస్తా ఉండాది?"

తప్పు తెలిసింది. ట్రస్టు వాళ్ళు డీటీపీ సెంటర్లో కొట్టించి ఇచ్చిన తెలుగు అది. పెండ్లి పత్రికలకు వాడే ఫాంటు. లోపల ఉండేవి ఇంగ్లీషు గుర్తులు. వాటి మీద తెలుగు అక్షరాల ముసుగు. కంటికి ముసుగు కనిపిస్తుంది. సిద్ధమ్మకు కళ్ళు లేవు కాబట్టి లోపలున్నది ఉన్నట్టు చదివింది.

"మా మండీలో బెల్లం గూడా అంతే సారూ," అన్నాడు వెంకటముని. "పైన బంగారు రంగు. లోపలేముండాదో నాలిక్కే తెలియాల."

మొత్తం మళ్ళీ అసలు తెలుగులో కొట్టాలి. నలభై పేజీలు.

వెళ్ళేటప్పుడు ఆయన మెట్ల దగ్గర ఆగి నాతో మెల్లగా చెప్పాడు. "పాప గూడా ఈ ఉద్యోగానికి పెడతా ఉండాది సారూ. వయసుకు ఇదే ఆఖరు. ఇంకోసారి వేసేటప్పటికి దాటిపోతాది. మీరు బాగా చెయ్యండి."

"నాయనా, నాకు చెవులు బాగా పనిచేస్తాయి," అంది ఆమె పై మెట్టు నుంచి.

17 జూన్, బుధవారం

టైపు చేస్తున్నాను.

18 జూన్, గురువారం

టైపు చేస్తున్నాను. తెలుగులో ఇన్ని ఒత్తులున్నాయని ఎవరూ హెచ్చరించలేదు.

22 జూన్, సోమవారం

ఇవాళ నాకు అవమానం జరిగింది. వివరంగా రాస్తాను, ఎందుకంటే బాగుంది.

"మానిటర్ ఆపెయ్," అంది కృపారాణి అక్క.

"ఎందుకక్కా?"

"నువ్వు కట్టిన ఇల్లే గదా. ఒకసారి చీకట్లో తిరుగు."

మానిటర్ ఆపాను. మౌసు ఆమె చేతిలోకి పోయింది. నాకు మిగిలింది కీబోర్డు, సిద్ధమ్మ. లింకు. లింకు. లింకు. బొమ్మ. బొమ్మ. బొమ్మ. బొమ్మ. నేనే రాసిన సైటులో దరఖాస్తు ఫారం ఎక్కడుందో కనుక్కోవడానికి ఇరవై రెండు నిమిషాలు పట్టింది. ఏ గడి దేనికో సిద్ధమ్మ చెప్పదు. ఎందుకంటే నేను ఆమెకు చెప్పలేదు. తెర వెలిగించి చూస్తే, తండ్రి పేరు గడిలో సుకుమార్ ఉన్నాడు. పుట్టిన తేదీ గడిలో మా వీధి ఉంది. లింగం అన్నచోట తిరుపతి అని ఉంది.

వెంకటముని నవ్వాపుకోలేక బయటికి పోయాడు.

"ఈ బొమ్మ బొమ్మ అని రాసినోడెవురప్పా?"

"ఒక మహానుభావుడక్కా."

"వాణ్ణి తీసకపోయి బొమ్మలకొలువులో కూర్చోబెట్టాల. పెండ్లికి పిలిచి, ఆకేసి, వంకాయ అని చెప్పకుండా, పప్పు అని చెప్పకుండా, 'కూర, కూర, కూర' అని చెప్పుకుంటా పోయినట్లుండాది. ఏముండాదో చెప్పు సామీ. బొమ్మకో మాట."

24 జూన్, బుధవారం

బొమ్మకో మాట. అన్నీ తిరగరాశాను. పరీక్ష కోసమే కాబట్టి కొంచెం స్వేచ్ఛ తీసుకున్నాను. ట్రస్టు కార్యదర్శి గంగాధరం గారి ఫోటో వెనక: 'ముందు పొట్ట వచ్చింది, వెనక గంగాధరం గారు వస్తున్నారు.' బడి భవనం: 'మూడంతస్తులు. సున్నం ఫోటోకు ముందు రోజు వేశారు.' సన్మాన సభ: 'శాలువా. లోపల మనిషి ఉన్నాడని నమ్మకం.'

ఇయర్‌ఫోన్‌లో ఇవి వింటూ కృపారాణి అక్క నవ్విన నవ్వుకు కింద టైలర్ మిషను ఆపి పైకి చూశాడట. కళ్ళు తుడుచుకుని, "ఇన్నేండ్లలో నన్ను నవ్వించిన వెబ్‌సైటు ఇదేనప్పా," అంది.

యోగానంద సార్ పక్కనే కూర్చుని అదే పేజీ చూస్తున్నాడు. ఆయనకు గంగాధరం గారి ఫోటో మాత్రమే కనిపిస్తుంది. ఒక్క మనిషి కోసం అచ్చయ్యే హాస్యపత్రికకు నేను సంపాదకుడిని. జీవితంలో ఇంత మంచి ఉద్యోగం మళ్ళీ దొరకదు.

27 జూన్, శనివారం

ఫారం చివర ఒక చిక్కు. అక్కడొక బొమ్మ ఉంది. దాని నిండా వంకరటింకర అక్షరాలు. అవేమిటో చూసి కింద గడిలో కొడితేనే దరఖాస్తు పోతుంది. యంత్రాలు దొంగ దరఖాస్తులు పంపకుండా ఇదొక కాపలా. గంగాధరం గారు పట్టుబట్టి పెట్టించుకున్నది.

"అంటే, నేను మనిషినని రుజువు చేసుకోవాలంటే కండ్లుండాల," అంది కృపారాణి అక్క. "బాగుండాది."

ప్రస్తుతానికి కాపలా ఆపేశాను. బొమ్మ ఉంటుంది, గడి ఖాళీగా వదిలినా ఫారం పోతుంది. వెనక మాట లేదని మా గురువు ఆ బొమ్మకు ఎర్ర గుర్తు పెట్టాడు. ఇలా రాశాను: 'ఇది నీకు కాదక్కా. వదిలేసి ముందుకు పో.'

ఆమె విన్నది. నవ్వింది. వదిలేసి ముందుకు పోయింది. బటన్ నొక్కింది. సిద్ధమ్మ గట్టిగా చదివింది: 'మీ దరఖాస్తు అందింది. నంబరు ఒకటి.' ఎవరి సాయమూ లేకుండా, ఆరు నిమిషాల్లో. వెంకటముని చప్పట్లు కొట్టాడు. సార్ టీ తెప్పించాడు. నేను కూడా చప్పట్లు కొట్టాను, నాకు నేనే.

"ఇది ఉత్త పరీక్షే అక్కా. అసలుది జులై ఒకటిన తెరుస్తారు."

"తెలుసులే. నంబరు ఇంకోసారి చదివించు."

29 జూన్, సోమవారం

కాణిపాకంలో ఒక లాడ్జీ ఫోటోలు తీసుకుని, వచ్చే దారిలో చిత్తూరులో దిగి బూత్‌కు పోయాను. మూడు ఫోన్లు, ఒక అద్దం గది, పసుపు రంగు బోర్డు. అందరి జేబుల్లోనూ సెల్‌ఫోన్లు.

"రోజుకు ఎంతమంది వస్తారక్కా?"

"వానొస్తే పదిమంది. ఫోనుకు కాదు, తడవకుండా."

రోడ్డు వెడల్పు చేస్తున్నారట, ఆగస్టులో బూత్ ఎత్తేస్తారట. ఆ సంగతి వాన సంగతి చెప్పిన గొంతుతోనే చెప్పింది.

"ఆ తరవాత?"

"తరవాత క్లాసు రూము. నలభై మంది పిల్లకాయలు గలాటా చేస్తా ఉండాల. నేను పద్యం చదవతా ఉండాల. ఎనకాల బెంచీలో ఎవురు గుసగుస పెట్టినా పేరు పెట్టి పిలుస్తా. రెండు దినాల్లో దెయ్యమనుకొని నోరు మూసుకుంటారు."

ఆమె ఆ క్లాసులో అప్పటికే రెండేళ్ళుగా పాఠం చెబుతున్నట్టుంది. నేను వెనక బెంచీ పిల్లకాయలా సర్దుకుని కూర్చున్నాను.

1 జూలై, బుధవారం

ఇవాళ సైటు తెరిచాం. ఆఖరు తేదీ పదిహేను. బొమ్మల వెనక జోకులు తీసి మర్యాదస్తుల మాటలు పెట్టాను.

గంగాధరం గారు పొద్దున్నే ఫోన్ చేశాడు, స్పీకరులో. "ఆ కాపలా బొమ్మ పని చేస్తా ఉండాదా?"

"లేదు సార్. చూపులేనోళ్ళు ఆ అక్షరాలు..." అన్నాను.

"కాపలా లేకుండా వాకిలి తెరిచి పెడతామా అప్పా? దొంగ అప్లికేషన్లు పడతాయి. పెట్టు."

"పెట్టప్పా," అన్నాడు యోగానంద సార్.

పెట్టాను. అయితే చెవికి వినిపించే అక్షరాలు కూడా పక్కన పెడతానని సార్‌తో చెప్పాను. ఒక రోజు పని. "రేపు పెడుదువులే," అన్నాడు. రేపు పెడతాను.

ఇందులో నా తప్పు ఏమీ లేదని దీని మూలంగా నమోదు చేయడమైనది.

2 జూలై, గురువారం

రేపు.

3 జూలై, శుక్రవారం

సైటును మళ్ళీ గురువుకు చూపించాను. ఒక్క ఎర్ర గుర్తు కూడా లేదు. ఆ కాపలా బొమ్మకు కూడా. దాని వెనక మాట ఉంది కదా.

పచ్చ టిక్కు ప్రింటు తీసి సార్ గోడకు అంటించాడు.

8 జూలై, బుధవారం

చెన్నై నుంచి మెయిల్! ఆగస్టు పదిన చేరమన్నారు. అనుభవం సర్టిఫికెట్ తెమ్మన్నారు. "ట్రస్టు పని విజయవంతంగా పూర్తి చేసినాడు అని రాసిస్తా," అన్నాడు సార్. అమ్మ వీధంతా మైసూరుపాకు పంచింది. వినిపించే అక్షరాల పని ఈ వారంలో.

13 జూలై, సోమవారం

కృపారాణి అక్క ఫోన్ చేసింది. మాట్లాడాను. అంతా బాగుంది.

క్యారియర్‌లో వంకాయ కూర బాగా లేదు.

14 జూలై, మంగళవారం

ఇవాళ చేసిన పనులు. ఇన్వర్టర్‌లో నీళ్ళు పోశాను. కీబోర్డు బోర్లించి దులిపాను. అందులోంచి మూడు వేరుశనగ తొక్కలు, ఒక బొరుగు గింజ బయటపడ్డాయి. ఎనిమిదో మెట్టు సంగతి టైలర్‌కు చెప్పాను, ఆయన ఇంటి ఓనరుకు చెప్పమన్నాడు. లాడ్జీ సైటులో పువ్వు బొమ్మ మరీ వేగంగా తిరుగుతోందని ఫిర్యాదు వస్తే నెమ్మదిగా తిప్పాను. చెన్నైకి కొనాల్సిన వాటి జాబితా రాశాను. బెల్టు, సాక్సులు, తాళం.

వినిపించే అక్షరాలు పెట్టలేదు. ఇంకొక్క రోజుకు ఎందుకని.

15 జూలై, బుధవారం

సాయంత్రం అయిదుకు దరఖాస్తులు తీసుకోవడం ఆపేశాం. పేజీ మాత్రం అలాగే ఉంది.

16 జూలై, గురువారం

మామూలు పోస్టులకు మూడు వందల పన్నెండు దరఖాస్తులు. చూపులేని వాళ్ళ కోటాకు సున్నా.

యోగానంద సార్ కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ చూశాడు. "ఒక్కటి గూడా లేదా? ఆ చిత్తూరు పాప?"

"ఏమో సార్," అన్నాను.

"పెట్టలేదేమో."

"పెట్టలేదేమో సార్."

గంగాధరం గారికి ఫోన్ చేసి చెబితే ఆయన నిట్టూర్చాడు. నేను విన్న నిట్టూర్పులన్నిటిలో సంతోషంగా ఉన్నది అది. "మనము ఇస్తామన్నా తీసుకొనేవాళ్ళు లేకపోతే ఏం చేస్తామప్పా?"

ట్రస్టు వాళ్ళు ఇలా జరగాలని ముందే అనుకున్నారో, ఇప్పుడే అనుకున్నారో నాకు తెలియదు. తెలియకపోవడం హాయిగా ఉంది.

21 జూలై, మంగళవారం

నాకు శాలువా కప్పారు.

ఇది జోకు కాదు. ట్రస్టు వార్షిక సభ. నాలుగు పోస్టులను మామూలు కోటాలోకి మారుస్తూ పొద్దున తీర్మానం, సాయంత్రం సన్మానాలు. వికలాంగులకు అందుబాటులో ఉండే వెబ్‌సైటు కట్టినందుకు యోగానంద సార్‌కు గాజు జ్ఞాపిక, నాకు శాలువా. పచ్చ టిక్కును ఫ్లెక్సీ మీద మంచమంత పెద్దగా వేయించారు. గంగాధరం గారు మైకు పట్టుకుని, "అంధ సోదరీ సోదరుల కోసం మేము వాకిలి తెరిచినాము. వారు రాలేదు. అయినా మా వాకిలి తెరిచే ఉంటుంది," అన్నాడు. చప్పట్లు.

శాలువా గరుగ్గా ఉంది. మెడ దగ్గర దద్దుర్లు వచ్చాయి.

25 జూలై, శనివారం

ఏమీ లేదు.

30 జూలై, గురువారం

మధ్యాహ్నం మెట్ల మీద రెండు జతల చెప్పుల చప్పుడు వినిపించింది. ఎనిమిదో మెట్టు దగ్గర ఒక జత ఆగి, దాటి, మళ్ళీ నడిచింది. ఎవరో తలుపు తెరవక ముందే తెలిసింది.

కృపారాణి అక్క కుర్చీలో కూర్చుంది. వెంకటముని నిలబడే ఉన్నాడు. ఇద్దరూ ట్రస్టు ఆఫీసు నుంచి వస్తున్నారు. ఇంటర్వ్యూ కార్డు ఇంకా రాలేదేమని అడగడానికి పోయారట. చెప్పింది ఆయనే, యోగానంద సార్‌తో.

"పాప నంబరు చెప్పింది సారూ. పదిహేడు అని. ఆ గంగాధరం సారు పుస్తకం తీసి సూసినాడు. పదిహేడో నంబరు పుత్తూరు డ్రిల్ మాస్టరంట. 'ఏమ్మా, నువ్వు డ్రిల్ మాస్టరువా?' అనె. ఆఫీసంతా నవ్విరి సారూ. గుమాస్తాలు, టీ ఇచ్చేవాడు, అందరూ."

"దరఖాస్తు పోలేదేమో తల్లీ," అన్నాడు సార్. "నంబరు యాడొచ్చింది మరి?"

"అదే వాళ్ళూ అడిగినారు. దొంగ నంబరు పెట్టుకొని వచ్చినావు, ఎవురిచ్చినారు చెప్పు, పోలీసులకిస్తాము అని దబాయించినారు. అయినా ఇది చెప్పదు సారూ! నాకు గూడా చెప్పదు. బస్సులో వస్తా అడిగితే ఏమనింది? 'చెప్పినోడు చెడ్డోడు కాదు నాయనా. చెప్తే వాడి ఉద్యోగం పోతాది' అనింది. దీని ఉద్యోగం పొయ్యింది సారూ. బూత్ గూడా ఆగస్టు దాకా ఆగకుండా మొన్ననే పీకేసినారు. ఎవుడో వాడి ఉద్యోగం కోసరం..."

"నాయనా," అంది ఆమె. "చాలు."

ఆయన ఆగాడు. కింద టైలర్ మిషను ఆగలేదు.

యోగానంద సార్ ఫ్యాను వేగం పెంచాడు. నీళ్ళు తెమ్మన్నాడు. తెచ్చి ఆమె చేతికి గ్లాసు అందించాను. నా వేళ్ళు తగిలి నేనే అని గుర్తుపట్టింది.

"బాగుండావా సుకుమారూ?"

"బాగున్నానక్కా."

"చెన్నైకి పోతా ఉండావంట గదా. మంచిది." నీళ్ళు తాగింది. గ్లాసు తిరిగి ఇస్తూ, నాకు మాత్రం వినిపించేంత గొంతుతో అంది: "ఆ బొమ్మ వెనక మాట ఇంకా అట్లనే ఉండాది. నిన్న చూసినా. తీసెయ్. మళ్ళీ ఎవురికన్నా ఫారం తెరిస్తే, వాళ్ళూ వింటారు."

దిగేటప్పుడు ఆమె మెట్లు లెక్కపెట్టలేదు. వాళ్ళ నాయన చెయ్యి పట్టుకుని దిగింది.

31 జూలై, శుక్రవారం

మాట తీసేశాను. తీయగానే గురువు ఎర్ర గుర్తు పెట్టాడు.

2 ఆగస్టు, ఆదివారం

బెల్టు కొన్నాను. సాక్సులు కొన్నాను. అనుభవం సర్టిఫికెట్ వచ్చింది. 'విజయవంతంగా' అని బోల్డులో ఉంది.

గంగాధరం గారు కాపలా పెట్టమన్నాడు. యోగానంద సార్ రేపు అన్నాడు. సాధనం పచ్చ టిక్కు ఇచ్చింది. ఆ ఒక్క జోకు తీయడం నేను మరిచిపోయాను. ఇవన్నీ నిజమే. ఈ ఇరవై రోజులుగా వీటిని వరస మార్చి మార్చి పేర్చుకుంటున్నాను. ఎలా పేర్చినా ఇవి జరిగినవి. నేను చేసింది వేరే ఉంది.

జూలై పదమూడు, మధ్యాహ్నం ఒంటిగంటన్నర. సార్ భోజనానికి పోయాడు. ఆఫీసులో నేనొక్కడినే. ఆఖరు తేదీకి ఇంకా రెండు రోజులున్నాయి.

"సుకుమారూ, ఫారం పెట్టినా," అంది ఫోనులో. "శనివారం పెట్టినా. నీ బొమ్మ నన్ను పొమ్మనింది, పొయ్యినా. బటన్ కొట్టినా. అయితే నంబరు చదవలేదప్పా సిద్ధమ్మ. మళ్ళీ మొదటికొచ్చింది. అందిందో లేదో కొంచెం చూసి చెప్పు."

"ఉండక్కా, చూస్తా."

చూశాను. అందిన దరఖాస్తుల్లో ఆమె లేదు. అందకుండా పోయిన ప్రయత్నాలు వేరే ఫైలులో పడతాయి, అది తెరిచాను. కృపారాణి, చిత్తూరు: ఆరు సార్లు. కింద ఇంకా పేర్లున్నాయి. దేవకమ్మ, మదనపల్లె: పదకొండు సార్లు. ఓబయ్య, గూడూరు: నలభై మూడు సార్లు. నలభై మూడు సార్లు ఒక మనిషి ఫారమంతా నింపి, బొమ్మ దగ్గరికొచ్చి, ఇది నీకు కాదక్కా అని విని, నమ్మి, ముందుకు పోయాడు. ప్రతిసారీ గడి ఖాళీ. ప్రతిసారీ తప్పని చెప్పడానికి ఆ గడి ఎర్రగా మారి ఉంటుంది. ఆ ఎర్ర రంగు వాళ్ళకు ఎవరు చెబుతారు?

కాపలా ఆపడానికి ఒక్క లైను మార్చాలి. అరనిమిషం. ఆపి, 'అక్కా, మళ్ళీ ఒకసారి కొట్టు' అనాలి, అంతే. సార్‌కు తెలిసేది కూడా కాదు. చెన్నై కోసం చేయలేదని రాయబోయాను. చెన్నై ఆ నిమిషంలో గుర్తే లేదు. అందలేదు అంటే, ఎందుకు అందలేదో చెప్పాలి. ఎందుకంటే నా జోకు. ఆమె ఆ జోకుకు నవ్విన నవ్వు పోతుందనిపించింది. అంతే. దానికోసమే.

"అక్కా, ఉన్నావా?" అన్నాను. "వచ్చింది. ఉంది ఇక్కడ."

"హమ్మయ్య. నంబరు చెప్పు, రాసుకుంటా."

బ్రెయిలు పలక సర్దుకున్న చప్పుడు.

"పదిహేడు," అన్నాను.

ఆమె కాగితం మీద చుక్కలు పొడవడం ఫోనులో వినిపించింది. తొమ్మిది పోట్లు. అన్నీ అయ్యేదాకా ఫోను పట్టుకునే ఉన్నాను.